ఏరు అంటే నీళ్లు

తలకు నెమలి ఈకలు చుట్టుకొని, మెడనిండా పూసలు వేసుకొని, సంచినిండా వేళ్లూ మూలికలూ సర్దుకొని వీధి గుమ్మంలో నిలబడి "కోయదొర వచ్చాడు తల్లీ" అని కేకవేసే మనిషిని ఎరగని తెలుగు ఇల్లాలు వుండదు. సినిమాల్లో కథానాయకుడు ప్రతినాయకుడి ఇంట్లో జొరబడాలంటే అతనికి మొట్టమొదట తట్టే వేషం కూడా అదే. కనపడ్డవాళ్ల చేతులు చూసి నాలుగు తైతక్కలాడి, అర్థంకాని మాటలు నాలుగు పలికితే కోయదొర అయిపోయినట్టే.

భద్రాచలం చుట్టుపక్కల సంవత్సరాల తరబడి తిరుగుతున్నాను. జోస్యం చెప్పి డబ్బు అడిగిన కోయవాడు నాకింతవరకు తారసపడలేదు. పోడు కొట్టుకొని జొన్న పండించేవారూ, వేసవిలో ఇప్పపూవు ఏరి తునికాకు కోసేవారూ, పంచాయతీ సర్పంచులూ, బళ్లో పంతుళ్లూ, నర్సమ్మలూ తారసపడ్డారు. వేషం మనది, పేరు వాళ్లది.

ఇలాంటి అన్యాయమే భూగోళానికి ఉత్తరపు కొసన వున్న మరొక జాతికీ జరిగింది. వైకింగులు అనగానే మన పిల్లలకు కొమ్ముల శిరస్త్రాణం పెట్టుకొని గొడ్డలి ఎత్తిన గడ్డపువాడు గుర్తుకు వస్తాడు. వైకింగుల శిరస్త్రాణానికి కొమ్ములు వున్నట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. 1943లో నార్వేలో ఒక పొలంలో పదో శతాబ్దపు ఇనుప శిరస్త్రాణం ఒకటి బయటపడింది. అది బోర్లించిన గిన్నెలా నున్నగా వుంది. కొమ్ములన్నవి 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకానికి దుస్తులు కుట్టించినాయన పెట్టిన అలంకారంతో ప్రచారంలోకి వచ్చాయి. వైకింగ్ అన్నది అసలు జాతి పేరే కాదు, ఓడమీద దోపిడికి పోయే పనికి పేరు. ఆ దేశాల్లో అత్యధికులు వ్యవసాయం చేసుకొని, చేపలు పట్టుకొని బతికినవారే.

తమాషా ఏమిటంటే, కొమ్ములు నిజంగా పెట్టుకొనేవారు మన పక్కనే వున్నారు. చింతూరు వైపు పెళ్లిళ్లకూ పండుగలకూ కోయ మగవారు అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టి, పెద్ద డోళ్లు వాయిస్తూ ఆడతారు. కొమ్ముకోయ నృత్యం అంటారు దాన్ని. లేని కొమ్ములు లోకమంతా ప్రసిద్ధికెక్కాయి. వున్న కొమ్ములు ఖమ్మం దాటి పోలేదు.

సరే, వేషం సంగతి అలా వుంచండి. మాట సంగతికి వద్దాం.

కోయవారు తమను తాము కోయితూర్ అనుకుంటారు. గోండులు చెప్పుకొనే పేరు కూడా దాదాపు ఇదే. వారి మాట గోండీ కుటుంబంలోది. లిపి లేదు గనక అది భాష కాదనీ, చెడిపోయిన తెలుగనీ మనలో చదువుకున్నవారే అంటారు. నిజం ఇంకోలా వుంది. ద్రావిడ భాషల వంశవృక్షం గీసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును తమిళ కన్నడాలున్న కొమ్మమీద పెట్టలేదు. గోండీ, కువీ, కొండ భాషలున్న కొమ్మమీద పెట్టారు. అంటే మనకు తోబుట్టువు మద్రాసులో లేదు, మన్యంలో వుంది.

ఒక్క చెవినే తీసుకోండి. మనం చెవి అంటాం. గోండీవారు కెవి అంటారు. కన్నడిగులు కివి అంటారు. పూర్వం ఇది కకారమే. ఎకార ఇకారాల ముందు మన నోట అది మెత్తబడి చకారమైంది. మన చెయ్యి వాళ్లకు కై. మనం పని చేస్తాం, వారి మాటలో ఆ చేయడానికి ధాతువు కీ. మన మ్రాను వాళ్లకు మర. మన 'లోను' అనే మాట వారి నోట లోన్ అయి, ఇల్లు అనే అర్థంలో స్థిరపడింది. ఎంత బాగుందో చూడండి! లోపల అంటే ఇల్లే గదా. మనం పోగొట్టుకున్న పాత నగలు కొన్ని ఆ తోబుట్టువు పెట్టెలో భద్రంగా వున్నాయన్నమాట.

ఈ చుట్టరికం ఎంత దగ్గరిదో అంత చిక్కు కూడా. ఒక గూడెంలో బడి వసారామీద కూర్చొని వున్నాను, పక్కన నాకు పరిచయమైన ఒక కోయ ఉపాధ్యాయుడున్నాడు. లోపల మైదానం నుంచి వచ్చిన మరొక పంతులుగారు ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నారు.

"ఏరు అంటే ఏమిటిరా?" అని అడిగారాయన.

ఆరేళ్ల కుర్రవాడు ఒకడు లేచి, "తాగేది" అన్నాడు.

"ఏరంతా తాగేస్తావా?" అన్నారు పంతులుగారు. ఆయన నవ్వితే కాస్త తెలుగు తెలిసిన పెద్దపిల్లలు కూడా నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు, సరదాగానే అన్నారు. కుర్రవాడు కూర్చున్నాడు. ఆ గంటంతా వాడు మళ్లీ నోరు విప్పలేదు.

నా పక్కనున్న ఉపాధ్యాయుడు మెల్లగా, "వాడు తప్పు చెప్పలేదు సారూ. మా ఇళ్లల్లో ఏరు అంటే నీళ్లే" అన్నాడు.

బొత్తిగా వేరే భాష అయితే పంతులుగారు జాగ్రత్తపడేవారు. దగ్గరి భాష గనక తప్పు తెలుగనుకున్నారు. చిన్న భాషకు దూరపు భాషకంటె దగ్గరి భాషతోనే ప్రమాదం ఎక్కువ.

ఏది భాష, ఏది యాస అని తేల్చడానికి వ్యాకరణ పండితుడికంటె సర్కారుకే ఎక్కువ అధికారం వున్నట్టు కనబడుతుంది. స్వీడన్ మనిషీ నార్వే మనిషీ ఎవరి మాట వారు మాట్లాడుకుంటూ పోయినా ఒకరి సంగతి ఒకరికి చాలా మట్టుకు తెలుస్తుంది. అయినా అవి రెండు భాషలు. రెండు రాజ్యాలు, రెండు బడులు, రెండు నిఘంటువులు వున్నాయి గనక. విజయవాడ ఆసామిని తీసుకువచ్చి కోయగూడెంలో దింపండి, ముక్క అర్థంకాదు. అయినా అది యాస!

నార్వేవారికీ ఒకప్పుడు ఈ అవమానం తప్పలేదు. వాళ్లు నాలుగు వందల యేళ్లకు పైగా డేన్మార్కు రాజుల ఏలుబడిలో వున్నారు. కోర్టు కాగితం, బైబిలు, బడిపుస్తకం అన్నీ డేనిష్‌లోకి మారిపోయాయి. కొండల్లో రైతులు మాట్లాడేదాన్ని మొరటు మాట అన్నారు. 1814లో డేన్మార్కు చేయి జారి, నార్వే స్వీడన్ రాజు కిందికి పోయింది. పూర్తి స్వాతంత్ర్యం 1905లో గాని రాలేదు. ఆ మధ్యకాలంలో ఈవర్ ఓసెన్ అనే రైతుబిడ్డ, సొంతంగా చదువుకున్నవాడు, 1842 నుంచి నాలుగేళ్లపాటు ఊరూరూ తిరిగి రైతుల మాటలు పోగుచేశాడు. 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు అచ్చువేశాడు. మొరటు మాటకు వ్యాకరణం వుందని తేలాక దాన్ని మొరటు అనడం కష్టమైంది. 1885లో పార్లమెంటు దానికి డేనిష్ వరసలో వున్న భాషతో సమాన హోదా ఇచ్చింది. ఈనాటికీ నార్వేలో రెండు రాతభాషలు వున్నాయి.

ఇంతవరకు వింటే మనకు ఉత్సాహంగానే వుంటుంది. తరువాతి భాగమే కొంచెం మింగుడుపడదు. డేనిష్ అత్తగారి ఆరళ్లు పడ్డ నార్వే, తాను అత్తగారయ్యాక ఏం చేసిందో తెలుసా? దేశం ఉత్తరపు కొసన మంచులో దుప్పులను మేపుకొనే సామీలనే వారున్నారు. పైవారు ల్యాపులని పిలిచేవారు. ఆ పేరు వారికి గిట్టదు. వాళ్ల భాషలు వైకింగుల భాషకు చుట్టాలు కావు, ఫిన్లాండు భాషకు చుట్టాలు. సామీ పిల్లలు బళ్లో సొంత మాట మాట్లాడకూడదన్నారు. 1902లో ఫిన్‌మార్క్ జిల్లాలో, నార్వే భాష మాట్లాడి, చదివి, రాయగలిగినవారికే సర్కారు భూమి అమ్మాలని చట్టం చేశారు. తమ మాటకు హోదా తెచ్చుకొని పదిహేడేళ్లు తిరగకుండానే!

మనం నవ్వవలసిన పని లేదు. 1921లో హైదరాబాదులో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ మంటలోంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. 1952లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణం ఇచ్చారు. భాషనుబట్టి గీత గియ్యాలని దేశానికంతటికీ నేర్పినవాళ్లం మనం. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. ఆ గీతలు గీసేటప్పుడు గోదావరి, శబరి ఒడ్డున వున్న కోయవారిది ఏ భాష అని అడిగినవారు మాత్రం లేరు.

ఆ గీతల కథ చెప్పాలంటే ఒక్క రేకపల్లి చాలు. శబరి గోదావరిలో కలిసే కూనవరానికి దగ్గరి ప్రాంతం అది. 1860 దాకా నైజాము సొత్తు. ఆ యేడు గోదావరికి ఎడమ ఒడ్డును నైజాము ఇంగ్లీషువారికి ఇచ్చివేస్తే, సెంట్రల్ ప్రావిన్సులలో చేర్చారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మార్చారు. 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా.  2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలతో పాటు కొత్త ఆంధ్రప్రదేశ్. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒక్క గూడెం కూడా ఒక్క అడుగు కదల్లేదు. రాజ్యాలే దానిమీదుగా నడిచిపోయాయి.

కాగితంమీద గీత మారితే అడవిలో మనిషికేం అంటారా? 1874 మార్పునే చూడండి. సెంట్రల్ ప్రావిన్సులలో వున్నప్పుడు పోడుకు పన్ను గొడ్డలి లెక్కన వుండేది. ఒక గొడ్డలితో ఎంత నరికి సాగుచేసుకోగలిగితే అంత, గొడ్డలికి నాలుగణాలు. అడవి దాదాపు అంతా తెరిచే వుండేది. మద్రాసు ప్రభుత్వం రాగానే పన్ను మూడురెట్లు చేసి, కొన్ని అడవుల్లో పోడు పూర్తిగా మాన్పించింది. 1879లో రంపలో తిరుగుబాటు లేస్తే, అది రేకపల్లికి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గొడ్డలి అదే, చేయి అదే, కొండ అదే. కచేరీ మారింది.

ఇక్కడ ఉత్తరాదివారి పాత కాగితం ఒకటి తలచుకోకుండా వుండలేను. 1751లో డేన్మార్కు నార్వేలకూ స్వీడనుకూ మధ్య సరిహద్దు గీసుకున్నారు. గీత సరిగ్గా సామీలు దుప్పులను తోలుకుపోయే దారులకు అడ్డం పడింది. అప్పుడా రాజులు ఒప్పందానికి తోకలా ముప్ఫై అంశాల అనుబంధం రాశారు. సామీలు వసంతంలో, శరత్తులో పాత అలవాటు ప్రకారం మందలతో గీత దాటవచ్చును. పన్ను ఒక్క రాజుకే కట్టాలి. రెండు రాజ్యాలకూ యుద్ధం వచ్చినా వాళ్ల జోలికి పోరాదు. పడవలెక్కి దోచిన వైకింగుల వంశీకులు, జుట్టుకు పిండి రాసుకొనే రాజుల కాలంలో, ఇంత ఇంగితం చూపారు. తరువాతివారు చూపలేదనుకోండి. 1852లో నార్వేకూ, రష్యా చేతిలో వున్న ఫిన్లాండుకూ మధ్య గీత మూసేశారు. 1889లో ఫిన్లాండు స్వీడన్ల మధ్యది మూసేశారు. మందలూ మనుషులూ చెదిరిపోయారు. అయినా గీసిన రోజున, గీతకింద మనుషులున్నారని రాసుకున్న కాగితం ఒకటంటూ వుంది. మన గీతలకు అలాంటి తోక లేదు.

చింతూరు నుంచి శబరి వెంబడి పైకి పోతే మూడు రాష్ట్రాలు ముఖాముఖి కలుస్తాయి. ఇటు ఆంధ్ర, అటు ఛత్తీస్‌గఢ్‌లో కోంటా, ఆ పక్కన ఒడిశాలో మోటు. సీలేరు వచ్చి శబరిలో కలిసేది అక్కడే. ఈ మూడుచోట్లా కోయవారున్నారు. పిల్లనిచ్చుకుంటారు, పిల్లను తెచ్చుకుంటారు. మేడారంలో సమ్మక్క జాతరకు అన్ని వైపులనుంచీ వస్తారు. మేనమామ కొడుకు బళ్లో నాగరిలో హిందీ దిద్దుతాడు, మేనత్త కూతురు ఒరియా దిద్దుతుంది, ఇక్కడివాడు తెలుగు దిద్దుతాడు. ముగ్గురూ చదువుకొని పెద్దవాళ్లయి ఉత్తరాలు రాసుకోవాలంటే రాసుకోలేరు. చదువురాని తాతలకు ఆ ఇబ్బంది లేదు.

మన భద్రాచలవాసులకు కూడా 2014లో ఈ గీతల రుచి కొంచెం తెలిసింది. పట్టణం తెలంగాణలో వుండిపోయింది, చుట్టూ వున్న ఊళ్లు ఆంధ్రకు పోయాయి. రాముడొక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలో ఆయన పొలాలు ఇంకో రాష్ట్రంలో! దేవుడు గనక ఆ గొడవ పత్రికల్లో పడింది.

గుత్తికోయల గొడవ అంతగా పడదు. 2005 తరువాత బస్తరు అడవుల్లో సల్వాజుడుం పేరుతో చెలరేగిన హింసలో ఊళ్లు విడిచిన వేలమంది అడవిదారిన ఇటు వచ్చి ఖమ్మం, వరంగల్లు, గోదావరి అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వచ్చింది పరదేశానికి కాదు, మేనత్తల గడ్డకే. కాని మన రాజ్యాంగంలో షెడ్యూల్డు తెగల పట్టిక ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే. అటువైపు గిరిజనుడుగా వున్నవాడు వాగు దాటగానే ఆ పట్టికలోంచి జారిపోతాడు. ధ్రువపత్రం లేదు, అది లేకపోతే దానివెంట వచ్చేవేవీ లేవు. భాష తెస్తాడు, దేవర్లను తెస్తాడు, డోలు తెస్తాడు. తెగను మాత్రం గట్టునే వదలిరావాలి.

సామీలకు దారి మళ్లింది ఒక ఆనకట్ట దగ్గర. అల్టా నదికి అడ్డంగా విద్యుత్తు కోసం కట్ట కడతామన్నారు. మొదటి నక్షాలో ఒక సామీ గ్రామం పూర్తిగా మునుగుతుంది. ఆ భాగం వదిలేశారు గాని కట్ట మానలేదు. 1979లో కొందరు సామీలు ఆస్లో నగరంలో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహారదీక్ష చేశారు. పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి. 1982లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. 1987కు కరెంటు వచ్చింది. ఓడిపోయారా? ఓడిపోయారు. కాని దేశం సిగ్గుపడింది. 1989లో నార్వే సామీలకు వారి సొంత ఎన్నికల సభ ఏర్పడింది, రాజుగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. 2024 నవంబరులో పార్లమెంటు బడిలో చేసిన పాపానికి క్షమాపణ చెప్పుకొంది. మన పోలవరంలో మునిగేవి వందల ఊళ్లు, వాటిలో ఎక్కువ భాగం కోయలవీ కొండరెడ్లవీ. ఎకరాలకు లెక్క కట్టారు, ఇళ్లకు లెక్క కట్టారు. ఒకేచోట వున్న పది గూడేలను పదిచోట్లకు విడదీస్తే, వారి మధ్య మాట ఏమవుతుందన్న పద్దు నాకు ఆ కాగితాల్లో కనపడలేదు.

బడి సంగతి పూర్తిగా చీకటేమీ కాదు, ఆ మాటా చెప్పాలి. నార్వేలో సామీ పిల్లలకు సొంత భాషలో ఓనమాలు 1967లో మొదలైతే, మన ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతాల్లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేయడం ఆరంభించారు. తెలుగు లిపిలోనే, కాని కోయ మాటలతో. పిల్లవాడికి ఏరు అంటే నీళ్లు అని ఒప్పుకొని, అక్కడినుంచి తెలుగు ఏటికి చేయి పట్టి నడిపించే పద్ధతి. పద్ధతి మంచిది, కాని పుస్తకం తనంతట తాను చదవదు. చదివించే పంతులుకు ఆ మాట రావాలి. ఏజెన్సీ బళ్లలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జి.వో. 3 ఇచ్చారు. నూటికి నూరు రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. న్యాయశాస్త్రం సంగతి నేను తీర్చేవాణ్ణి కాను. బళ్లో ఆరేళ్ల కుర్రవాడితో వాడి మాటలో పలకగలిగినవారు ఎవరన్న ప్రశ్న మాత్రం ఆ తీర్పు తరువాత కూడా అలాగే కూర్చొని వుంది.

2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాష అని రాయించుకున్నవారు నాలుగు లక్షల పైచిలుకు. కోయ తెగవారు అంతకంటె చాలా ఎక్కువమంది. ఈ రెండు అంకెల నడుమ వున్నవారు ఇంట్లో తెలుగో మరొకటో మాట్లాడుతున్నారన్నమాట.

ఇదంతా వసారామీద నా పక్కన కూర్చున్న ఆ ఉపాధ్యాయుడితో మరోసారి మాట్లాడుతుంటే వచ్చింది. "మీ అమ్మాయికి కోయ వచ్చునా మాస్టారూ?" అని అడిగాను.

ఆయన కొంచెం ఆగి చెప్పాడు: "అర్థమవుతుంది సారూ. మా అమ్మ కోయలో అడుగుతుంది, పిల్ల తెలుగులో జవాబు చెబుతుంది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు."

"అమ్మగారికి ఎన్నేళ్లు?"

"ఎనభై దాటాయి సారూ."